దిద్దుకున్న తప్పుకు రెండు స్టార్లు

ఆ సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదేళ్ళ కూతురు ఏడవకుండా పళ్ళు తోముకోవాలి, బూట్లు తొడుక్కోవాలి, స్కూలు బస్సెక్కాలి. భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తుంది. తెల్లారేసరికి ఎవరో ఒకరి చేతికి స్టీరింగిచ్చి, తన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళిపోతుంది. కాబట్టి పొద్దుటి పూట యుద్ధమంతా ఆయన ఒక్కడిదే. ఆయనకున్న సైన్యం తల్లి ఒక్కతే. ఆవిడ ఎప్పుడూ మనవరాలి పక్షమే.

ఆయన ఫ్యాన్ల ఫ్యాక్టరీలో తనిఖీ చేస్తాడు. తిప్పి చూసి, చప్పుడు విని, బాగుంటే స్టిక్కరు అంటిస్తాడు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. పరాయి ఇంట్లో కుర్చీనైనా ఊపి చూడనిదే కూర్చోడు. పెళ్ళికి ముందు మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు తన మొహంకన్నా నెత్తిమీద తిరిగే ఫ్యానునే ఎక్కువ చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయనది సాయంత్రం షిఫ్టు. ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోతుంటుంది. మెలకువగా ఉండే కూతుర్ని ఆయన చూసేది పొద్దున్నే, అదీ ఏడుస్తుండగా. ఈ మధ్య తనిఖీ విభాగం హెడ్ రిటైరయ్యాడు. ఆ కుర్చీ దొరికితే పగటి డ్యూటీ, రాత్రి కూతురితో కలిసి భోజనం. శుక్రవారం పొద్దున ఇంటర్వ్యూ. బరిలో ఉన్నది ఇద్దరే. రెండోవాడు ఏనాడూ ఆలస్యంగా రాని, ఏ తప్పూ చేయని, చొక్కా మీద ముడతైనా లేని మనిషి. అలాంటివాణ్ణి ఓడించాలంటే ముందు టైముకు చేరాలి. టైముకు చేరాలంటే పాప టైముకు బస్సెక్కాలి.

అందుకే ఫ్రిజ్ తలుపుకు చార్టు అంటించి, పక్కన బంగారు రంగు స్టార్లు పెట్టాడు. చార్టు నిండితే ఏమిస్తావని పాప అడిగింది. బొమ్మ ఇస్తానన్నాడు. పాప వద్దంది.

"ఆదివారం నువ్వు ఫ్యాక్టరీకి వెళ్ళకూడదు. రోజంతా నాతోనే ఉండాలి."

ఇన్‌స్పెక్టరు బొమ్మ మాట వదిలేశాడు. సరేనన్నాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన ఫ్యాక్టరీ నియమాన్ని కూడా ఇంటికి మోసుకొచ్చాడు. అక్కడ మొదటిసారే పాసైన ఫ్యానుకు ఒక స్టిక్కరు. లోపం బయటపడి, మరమ్మతు జరిగి, మళ్ళీ పాసైతే రెండు. అది రెండు పరీక్షలకు నిలిచిన సరుకని పెద్ద మేనేజరు నమ్మకం. ఇన్‌స్పెక్టరు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే చెప్పాడు. మంచి పనికి ఒక స్టారు. తప్పు చేసి, ఒప్పుకుని, తనే సరిదిద్దుకుంటే రెండు.

పాప కాసేపు ఆలోచించి, చాలా బాగుందంది.

భార్యకు మాత్రం నచ్చలేదు. "మీరు మంచికన్నా తప్పుకే ఎక్కువ ఇస్తున్నారు" అంది. ఆయన నవ్వి, నాణ్యత అంటే ఏమిటో ఆవిడకు అరగంట చెప్పాడు. ఆవిడ ఆవలించి పడుకుంది.

మంగళవారం పాప పళ్ళు తోముకుని ఒక స్టారు పుచ్చుకుంది. ఆ తర్వాత గ్లాసుడు నీళ్ళు నేలమీద ఒంపి, తనే ఒంపానని చెప్పి, తనే తుడిచి, రెండు పుచ్చుకుంది. పళ్ళు తోమడం గిట్టుబాటు కాదని ఆ క్షణాన తేలిపోయింది. బుధవారానికి ఇంట్లో ఏ వస్తువూ దాని చోట లేదు. సబ్బు బియ్యం డబ్బాలో, టీవీ రిమోటు దిండు గలీబులో. అన్నీ పోయేవి, అన్నీ పాపకే దొరికేవి. "తప్పయింది నాన్నా, నేనే దాచాను, ఇదిగో" అని చెప్పి స్టార్ల కోసం చెయ్యి చాపేది. అబద్ధమాడుతోందా అంటే లేదు. సరిదిద్దుకోవడం లేదా అంటే అదీ లేదు. నియమం పెట్టింది తనే కాబట్టి ఇన్‌స్పెక్టరు కిమ్మనకుండా స్టార్లు అంటించాడు. నానమ్మ అయితే మనవరాలి తెలివికి మురిసిపోయి, ఎక్కడ దాస్తే బాగుంటుందో సలహాలు కూడా ఇచ్చింది.

శుక్రవారానికి చార్టులో రెండే గళ్ళు ఖాళీ.

ఆ పొద్దున ఇన్‌స్పెక్టరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చూస్తే స్కూటరు తాళంచెవి లేదు. రింగు మేకుకే వేలాడుతోంది, చెవి మాత్రం మాయం. ఆయన కంగారు పడలేదు. పాప కేసి చూశాడు. పాప ధీమాగా నవ్వి, నానమ్మ చేతిసంచీలో దాచానని ఒప్పుకుని, తేవడానికి గదిలోకి పరిగెత్తింది. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. సంచీ లేదు. నానమ్మ దాన్ని తీసుకుని పార్కుకు నడకకు వెళ్ళిపోయింది.

పాపను చంకనేసుకుని ఇన్‌స్పెక్టరు పార్కుకు పరిగెత్తాడు. తల్లి బెంచీమీద తృప్తిగా కూర్చుని ఉంది. సంచీలో ఎవరిదో తాళంచెవి కనబడిందట. రింగు లేకపోవడంతో కొడుకుదని పోల్చుకోలేదు. నడకకు వచ్చిన వాళ్ళందర్నీ అడిగితే, రిటైరైన పోస్టుమాస్టరు తన బీరువాదని తీసుకువెళ్ళాడట.

"పాపం, వారం నుంచీ వెతుక్కుంటున్నాడట్రా. నన్ను చల్లగా ఉండమన్నాడు" అందావిడ.

పోస్టుమాస్టరు ఇల్లు పార్కు వెనకే. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన బీరువా ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. చెవి తిరగకపోతే తుప్పు పట్టిందనుకుని కాస్త నూనె వేశాడట. అప్పటికీ తిరగకపోతే పట్టకారుతో తిప్పాడట. చెవి సగం పట్టకారులో ఉంది. మిగతా సగం బీరువాలో ఉండిపోయింది.

పాప ఆ ముక్కను చూసింది. ఇన్నాళ్ళూ దాచినవన్నీ దొరికాయి కానీ, ఏదీ విరగలేదు. "ఇది నేను బాగుచేయలేను నాన్నా" అని బావురుమంది. అది స్టార్ల కోసం ఏడ్చిన ఏడుపు కాదు. ఇన్‌స్పెక్టరుకు కోపం రావలసిన చోట జాలేసింది. కూతురి మీదా, అంతకన్నా ఎక్కువగా తన మీదా.

భార్యకు ఫోను చేశాడు. ఆవిడ కారుతోనే వచ్చింది, కానీ స్టీరింగు దగ్గర ఉన్నది ఆ రోజే నేర్చుకోవడం మొదలుపెట్టిన లెక్కల టీచరు. పాఠం మధ్యలో దింపితే బాగుండదని భార్య ఆవిణ్ణే నడపనిచ్చింది. టీచరు అద్దంలో చూసి, ఎడమా కుడీ చూసి, మళ్ళీ అద్దంలో చూసి, అప్పుడు ఆగిపోయేది. ఓ సైకిలు వీళ్ళను దాటిపోయింది. ఆ తర్వాత ఎవరో నడుచుకుంటూ దాటిపోయారు. పాపను స్కూల్లో దింపి ఇన్‌స్పెక్టరు ఫ్యాక్టరీ చేరేసరికి, ముడతల్లేని మనిషి ఇంటర్వ్యూ ముగించుకుని టీ తాగుతున్నాడు.

పెద్ద మేనేజరు గోడ గడియారం కేసి చూసి, కారణం అడిగాడు. ఎలాగూ పోయిన ఉద్యోగమే కదా అని ఇన్‌స్పెక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చార్టు, సబ్బు, రిమోటు, బీరువా, లెక్కల టీచరు, ఒక్కటీ దాచలేదు. చివర్లో ధైర్యం తెచ్చుకుని అసలు మాట కూడా అన్నాడు.

"తప్పు పాపది కాదండీ. రెండు స్టిక్కర్ల నియమానిది. దాన్ని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టడం నా పొరపాటు. ఇవాళే తీసేస్తాను. ఇక్కడ కూడా తీసేస్తే మంచిది."

"ఆ నియమం పెట్టింది నేను" అన్నాడు మేనేజరు.

ఆ సంగతి ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఇన్‌స్పెక్టరుకూ తెలుసు. మాట మాత్రం జారిపోయింది. మేనేజరు ఆయన్ని బయట కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు. కుర్చీ ఊపి చూసే ఓపిక కూడా లేదు.

కాసేపటికి మేనేజరే బయటికొచ్చి ఇద్దరి ముందూ ఫలితం చెప్పాడు. ముడతల్లేని మనిషి మంచివాడే, మొదటిసారే పాసైన సరుకు. ఒక మార్కు. ఇన్‌స్పెక్టరు తప్పు చేశాడు, ఎదురుగా ఒప్పుకున్నాడు, దిద్దుకుంటానన్నాడు. ఫ్యాక్టరీ పద్ధతి ప్రకారం రెండు మార్కులు. సోమవారం నుంచి హెడ్ ఆయనే. నియమం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. రాత్రి భోజనం దగ్గర పక్కన కూర్చునే కూతురు కళ్ళముందు మెదిలింది. నోరు మూసుకుని, థాంక్సండీ అన్నాడు.

ఆ రోజు షిఫ్టుకు సెలవు పెట్టి, సాయంత్రం ఇంట్లో చార్టు చింపేశాడు. ఇకనుంచి స్టార్లు ఉండవని, తప్పు చేస్తే ఏమీ రాదని, చార్టు లేకపోయినా ఆదివారం రోజంతా తనతోనే ఉంటానని పాపకు చెప్పాడు. భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాప అంతా శ్రద్ధగా విని, ఒక్కటే అడిగింది.

"మరి నీకు ఉద్యోగం ఎలా వచ్చింది నాన్నా?"

కూతురికి అబద్ధం చెప్పకూడదని ఆయన జరిగిందంతా చెప్పాడు.

సోమవారం పొద్దున ఎంత లేపినా పాప లేవలేదు, ఆలస్యంగానే వెళ్తానంది. ఆ రోజు స్కూల్లో క్లాసు లీడరును ఎంచుకుంటారట.