భవాని పేట్ ఆదివార విశ్రాంతి పథకం

వారానికి ఒక సెలవు రోజు ఉండాలన్న విషయంలో మానవజాతి మొత్తం ఏకాభిప్రాయానికి వచ్చి చాలా కాలమైంది. ఆ సెలవు ఎవరికి ఉండాలన్న చిన్న వివరం ఒక్కటే ఇంకా తేలలేదు. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్‌లో ఆ వివరాన్ని తేల్చే మహత్తర ప్రయత్నం ఈమధ్య ఒకటి జరిగింది. దాని చరిత్రను ప్రభుత్వం రాయించేలా లేదు కనుక ఇక్కడ రాయవలసి వస్తోంది.

ఈ ప్రయత్నానికి మూలకారణం ఋతుజ. చద్దర్లకూ టవళ్లకూ డిజైన్లు గీసే అమ్మాయి. ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు, ఎవరు అడిగితే వాళ్లకు గీసి ఇస్తుంది. దీన్ని ఆమె ఫ్రీలాన్స్ అంటుంది. వీధివాళ్లు "ఇంట్లనే ఉంటది" అంటారు. (రెండూ ఒకటే. రెండో దానిలో గౌరవం కొంచెం తక్కువ, అంతే.)

ఆమె ఇంటి ముందుగదిలో ఒకప్పుడు తాత మగ్గం ఉండేది. ఇప్పుడక్కడ ల్యాప్‌టాప్ కంప్యూటర్ ఉంది. మగ్గం చప్పుడు చేసేది కాబట్టి తాత పనిలో ఉన్నాడని వీధి చివరిదాకా తెలిసేది. కంప్యూటర్ చప్పుడు చేయదు. అందువల్ల ఋతుజ ఎప్పుడు పని చేస్తోందో, ఎప్పుడు ఊరికే కూర్చుందో కనిపెట్టే సాధనం ఎవరి దగ్గరా లేకుండా పోయింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆమెకు పని లేదని ఇంటివాళ్లు పనులు చెప్పేవారు. శని ఆదివారాలు వచ్చేసరికి మిగతా లోకానికి తీరిక దొరికేది. ఆ లోకం హాయిగా కూర్చుని ఆమె పని గురించి ఆలోచించేది.

అలా ఆలోచించేవాళ్లలో అగ్రగణ్యుడు దత్తాత్రి శేట్, టవళ్ల వ్యాపారి. వారమంతా ఆయనకు ఏ ఆలోచనా రాదు. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాత్రం తప్పకుండా వస్తుంది.

ఆ శనివారం కూడా వచ్చింది.

"ఋతుజా, నెమలి మస్తు ఉన్నది. కానీ జర సంసారం ఉన్నట్టు కనపడాలె."

"నెమలికి సంసారం ఉన్నట్టు ఎట్ల గీయాలె శేట్?"

"అది నువ్వే చూడాలె. ఆర్టిస్టువు నువ్వు గదా! రేపు పంపు. రేపెట్లనో నీకు సుట్టీనే."

ఋతుజకు ఆ రేపు కావాలి. ఆమెకు ఒక సొంత కోరిక ఉంది. సోలాపూర్ చద్దర్ల మీద నెమళ్లుంటాయి, పువ్వులుంటాయి, కోణాలూ గళ్లూ ఉంటాయి. కప్పుకుని పడుకునే గుడ్డ మీద పడుకున్న ప్రాణి మాత్రం ఒక్కటీ ఉండదు. నెమలి సైతం డ్యూటీలో ఉన్నట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. అందుకని హాయిగా నిద్రపోతున్న ఒక బర్రెను చద్దరంతా పరుచుకునేలా గీయాలని ఆమె ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. కుంఠా నాకా దగ్గర సాంచాల (అంటే మరమగ్గాల) కార్ఖానా ఉన్న మేనమామ శంకర్ ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

"సోమారం పొద్దుగాల ఒక సాంచా ఖాళీ ఉంటది బిడ్డా. ఆదివారం పొద్దుగూకే వరకు డిజైన్ పంపు. తర్వాత దివాళీ ఆర్డర్ ఎక్కుతది, మళ్ల నీ బర్రెకు జాగా దొరకదు."

ఇంతలో తండ్రి నరసయ్య వచ్చి, రేపు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి తన ఫోన్‌లో ఫోటోలన్నీ సర్దిపెట్టమన్నాడు. పక్కింటి యశోద గోడ మీదుగా తొంగిచూసి, మనవడి బారసాలకు బ్యానర్ చేసి పెట్టమంది. "రెండు నిమిషాల పనే బిడ్డా. చిన్న క్రిష్ణుని పక్కకు మావోడు, ఎన్కకు కైలాసం, అంతే!"

ఋతుజ వాకిట్లోకి వచ్చి గట్టిగా అరిచింది.

"నాకు రేపు ఆదివారం కావాలె!"

ఆ అరుపు లక్ష్మణ్ కాకా చెవిన పడింది. కాకా ఒకప్పుడు మిల్లులో టైమ్‌కీపర్. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. మిల్లు పోయింది గాని టైమ్ మాత్రం కాకా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఎవరి మీద ప్రయోగించాలో తెలియక ఇన్నాళ్లూ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలను గమనిస్తున్నాడు. ఆయన నిదానంగా లేచి, మెడలో వేలాడుతున్న విజిల్‌ను పంచె కొంగుతో తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆదివారం ఊరికెనే దొరకదు బిడ్డా. దానికి బందోబస్తు కావాలె."

ఆ సాయంత్రమే భవాని పేట్ ఆదివార విశ్రాంతి సమితి ఏర్పడింది. అధ్యక్షుడూ విశ్రాంతి అధికారీ లక్ష్మణ్ కాకాయే. అప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నవాళ్లందరూ సభ్యులు. (నిలబడి ఉన్నవాళ్లను ప్రత్యేక ఆహ్వానితులుగా తీసుకున్నారు.) నరసయ్యను బాధితురాలి తండ్రి హోదాలో చేర్చుకున్నారు. నల్లబల్ల తెప్పించి నియమావళి రాశారు. ఇతరులు అడిగితే చేసేది పని. ఎవరూ అడగకపోయినా చేసేది సొంత పని. ఏమీ చేయకపోవడం విశ్రాంతి. పొద్దున పని, నాష్టా తర్వాత విశ్రాంతి, పగటి భోజనం తర్వాత సొంత పని. విజిల్ వినబడకుండా ఒకదానిలో నుంచి మరొకదానిలోకి పోవడం నేరం.

ఋతుజకు ప్రాణం లేచి వచ్చింది. తన రోజును ఇంత మంది ఇంత సీరియస్‌గా పట్టించుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాడు నాష్టా కాగానే విజిల్ మోగింది. ముందుగదిలో చాప పరిచి ఋతుజను పడుకోబెట్టారు. ఎదురుగా కుర్చీ వేసుకుని విశ్రాంతి అధికారి కూర్చున్నాడు. ఆయన వెనక సమితి కూర్చుంది.

"కండ్లు మూసుకో."

"నిద్ర వస్తలేదు కాకా."

"నిద్ర వేరే డిపార్ట్‌మెంట్. ఇది ఆరామ్."

ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి కాకా ముందుకు వంగాడు.

"ఏం ఆలోచిస్తున్నవ్?"

"బర్రె గురించి."

"ఎవరి బర్రె?"

"నాదే."

"అంటే సొంత పని. అది పగటి అన్నం తర్వాత. ఇప్పుడు మనసులకెల్లి తీసెయ్."

ఋతుజ బర్రెను మనసులో నుంచి బయటికి తోలడానికి నిజాయితీగా ప్రయత్నించింది. బర్రె కదల్లేదు. (అది నిద్రలో ఉంది.)

ఈలోగా వార్త పాకింది. చూడడానికి వచ్చినవాళ్లు దరఖాస్తుదారులుగా మారారు. వాకిట్లో లైను కట్టారు. టీవీ చూస్తూ బీడీలు చుడితే అది పనా, విశ్రాంతా అని యశోద అడిగింది. చేతులది పని, కళ్లది విశ్రాంతి అని తేల్చి ఆమెకు అర ఆదివారం మంజూరు చేశారు. కుంభారి కాలనీ నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చి మరీ, బస్సు ప్రయాణం దేని కిందికి వస్తుందని అడిగాడు. సీటు దొరికితే విశ్రాంతి, దొరక్కపోతే పని అన్నారు. ఆయన తృప్తిగా తిరుగు బస్సు పట్టుకోవడానికి వెళ్లాడు. ఏ నిర్ణయం వెలువడ్డా సమితికి గొంతు ఎండిపోయేది. ఎండిపోయినప్పుడల్లా లోపలి నుంచి ఋతుజ తల్లి వసంత టీ పట్టుకొచ్చేది.

అప్పుడు దత్తాత్రి శేట్ స్కూటర్ వచ్చి ఆగింది. నెమలి సంసారం ఎంతవరకు వచ్చిందో చూద్దామని స్వయంగా వచ్చాడు. ఆయన గుమ్మంలో పెట్టడానికి కాలు ఎత్తాడో లేదో, కాకా విజిల్ ఊదాడు.

"ఆరామ్ నడుస్తున్నది. గిరాకీలు గడప బయటనే!"

శేట్ ఎత్తిన కాలును ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉంచాడు. చాప మీద ఋతుజ గుండె ఉప్పొంగింది. పోయినేడు ఇదే శేట్, ఆమెకు జ్వరమని తెలిసి కూడా, పడుకునే గీయొచ్చు గదా అన్న మనిషి. ఆయన్ని గడప దగ్గర ఆపిన మొట్టమొదటి మానవుడు కాకాయే. ఈ పథకం బతకాలి అనుకుంది ఆమె.

శేట్ వ్యాపారి. ఎత్తిన కాలును బయటే దించి నల్లబల్ల చదివాడు.

"ఎవ్వరు అడగకుంట చేసేది సొంత పని. గంతేనా?"

"గంతే."

"అయితే నేను అడుగుతలేను. నెమలి తనంతట తానే పెండ్లాం పిల్లలను తీస్కొని వస్తే నేను కాదంటనా?"

సమితి ఈ వాదనకు ముగ్ధమైపోయింది. ఇలాంటి బుర్ర బయట ఉండకూడదని అప్పటికప్పుడు శేట్‌ను వ్యాపార సలహాదారుగా లోపలికి తీసుకుని కుర్చీ వేశారు. నెమలిని సొంత పనుల్లో చేర్చారు. జాతీయ పక్షి కాబట్టి బర్రె కన్నా ముందు వరుసలో పెట్టారు.

తర్వాత బర్రె కేసు విచారణకు వచ్చింది.

"డిజైన్ పంపుమని శంకర్ అన్నడా, లేదా?" అన్నాడు శేట్.

"అన్నడు, కానీ..." అంది ఋతుజ చాప మీద నుంచే.

"అంటే అడిగిండు. అడిగితే పని. పని టైమ్ నాష్టాతోనే ఖతమ్."

సభ్యులు తలలూపారు. బర్రె పని కిందికి వస్తుంది, పనికి వేళ దాటింది. సొంత పని కిందికి రాదు, ఎందుకంటే శంకర్ అడిగాడు. విశ్రాంతి కిందికి అసలే రాదు, ఎందుకంటే విశ్రాంతి తీసుకునేది బర్రె గాని ఋతుజ కాదు. మొత్తం ఆదివారంలో దానికి చోటు లేదని ప్రకటించారు.

ఋతుజ లేచి కూర్చుంది. సోమవారం దాటితే ఆ సాంచా మళ్లీ దొరకదు.

"కూసునుడు రూల్స్‌ల లేదు" అన్నాడు కాకా.

అప్పుడే టీ పళ్లెంతో వచ్చిన వసంత గుమ్మంలో ఆగి అడిగింది.

"కాకా, నాకెప్పుడు ఊదుతరు సీటీ?"

గదిలో అందరూ నవ్వారు. నరసయ్య కూడా నవ్వాడు. కాకా మాత్రం నవ్వలేదు, ఆయన విధుల్లో ఉన్నాడు.

"నీకెందుకు వసంతా సీటీ? నీకు పనెక్కడిది? ఇంట్లనే ఉంటవు గదా."

వసంత ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట ఋతుజ లెక్కలేనన్ని సార్లు విన్నదే. అది తన మీద గాక ఇంకొకరి మీద పడడం వినడం ఇదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి. తన అర ఆదివారం ఎడమ భాగమా, కుడి భాగమా అని యశోద వేసిన అప్పీలులో సమితి మునిగి ఉండగా, ఋతుజ ల్యాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకి నడిచింది.

వంటిల్లు సమితి పరిధిలో లేదు. సభ్యుల్లో ఎవరూ అందులోకి వెళ్లి ఎరగరు కాబట్టి దాని గురించి నియమాలు రాయాలని ఎవరికీ తోచలేదు. పిండి డబ్బా పక్కన గోడకు ఆనుకుని ఋతుజ గీయసాగింది. వసంత మళ్లీ టీకి నీళ్లు పెట్టి, వంగి చూసింది.

"ఏందే ఇది?"

"బర్రె. పండుకున్నది."

"ఏం చేస్తలేదా?"

"ఏం చేస్తలేదమ్మా."

"ఎవ్వరు లేపుతలేరా దాన్ని?"

"లేపుతలేరు."

వసంత చాలాసేపు చూసింది. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నా చూసింది.

"మంచి బర్రె" అంది చివరికి.

పొద్దు వాలకముందే డిజైన్ శంకర్‌కు చేరింది. నెమలికి ఒక ఆడ నెమలినీ, ముఖాలు అచ్చం తండ్రి పోలికే ఉన్న ముగ్గురు పిల్లల్నీ ఋతుజ అతికించి పంపేసింది. కళ్లల్లో ప్రేమ కనబడుతోందని శేట్ మెచ్చుకున్నాడు. ముందుగదిలో మధ్యాహ్నం నుంచీ ఎవరూ పని చేస్తూ కనబడలేదు కనుక పథకం సంపూర్ణ విజయమని సమితి ప్రకటించింది.

వారంలో చద్దర్ ఇంటికి వచ్చింది. మందంగా, బరువుగా, ఈ చివర ముట్టె, ఆ చివర తోక. శంకర్ స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

"కార్ఖానాల అందరు అడుగుతున్నరు బిడ్డా, ఈ బర్రె సచ్చిపోయిందా అని."

"లేదు మామా. సుట్టీల ఉన్నది."

"గదే చెప్తే ఎవ్వడు నమ్ముతలేడు" అన్నాడు శంకర్.

ఆ చద్దర్‌ను ఋతుజ అమ్మకి ఇచ్చింది. వసంత దాన్ని మడతపెట్టి బీరువాలో దాస్తుందని అనుకుంది. దాయలేదు.

మరుసటి ఆదివారం సమితి రెట్టింపు బలంతో సమావేశమైంది. భవాని పేట్‌తో సరిపెట్టకుండా పథకాన్ని సోలాపూర్ మొత్తానికి విస్తరించాలన్నది ఎజెండా. కాకా కొత్త తాడుతో విజిల్ వేసుకొచ్చాడు. సభ ప్రారంభమైంది. గొంతులు ఎండాయి. అందరూ వంటింటి వైపు చూశారు. ఏమీ రాలేదు. కాకా మర్యాదగా, చిన్నగా ఒక్కసారి విజిల్ ఊదాడు. అయినా రాలేదు.

నరసయ్య లోపలికి వెళ్లి, వెళ్లిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు అన్నట్టు తిరిగి వచ్చాడు.

"పండుకున్నది."

"జరమా?"

"కాదు."

"అలిగిందా?"

"కాదు. నవ్వుమొకంతోనే ఉన్నది. ఊరికెనే పండుకున్నది. బర్రె చద్దర్ మెడదాకా కప్పుకొని."

సమితి నల్లబల్ల వైపు చూసింది. ఇటువంటి పరిస్థితిని నియమావళి ఊహించలేదు. ఋతుజ అమ్మ పడుకున్న మధ్యగది గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. ఆమె చేతిలో పెన్నూ లేదు, ఫోనూ లేదు. శేట్ ఏదో అడగబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. సభ్యుల్లో ఎవరో ఒకరు టీ పెడితే సరిపోతుందన్న ప్రతిపాదన వచ్చింది. చక్కెర ఎక్కడుంటుందో తెలిసినవారు చేయి ఎత్తాలన్నారు. ఎవరూ ఎత్తలేదు.

చాలాసేపు చర్చించాక లక్ష్మణ్ కాకా సుద్దముక్క తీసుకుని, నియమావళిని తుడిచేసి, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు:

"ఒక వ్యక్తి నిజముగానే విశ్రాంతి తీసుకొనుచున్నందున ఆదివార విశ్రాంతి పథకము ఇందుమూలముగా రద్దు చేయబడినది."