మనిషికి ఒక్క హామ్

ఆ శనివారం ఉదయం వెండెల్ టటిల్ వేసుకున్న పథకంలో చావు లేదు. మధ్యాహ్నానికి సొంత ఊరు టాలో క్రీక్ చేరాలి. భార్య ఎర్లీన్ చేతి టమాటా శాండ్‌విచ్ తినాలి. కాసేపు నడుం వాల్చాలి. రాత్రి ఏడింటికి కౌంటీ జాతర ఆఖరి రోజు వేదిక ఎక్కి పాడాలి. అంతే.

వెండెల్‌కు డెబ్బై నాలుగేళ్లు. మడ్ మ్యూల్స్ అనే రాక్ బృందంలో పాడేది, ఆర్గన్ వాయించేది ఆయనే. గిటార్ రాయిస్‌ది, డ్రమ్స్ జూబల్‌ది. ముగ్గురూ టాలో క్రీక్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు, ఒకే రోజు బడి మానేసినవాళ్లు. అప్పుడు మొదలైన బృందం యాభై ఏళ్లు దాటినా జార్జియా నుంచి టెన్నెసీ దాకా రోడ్ల మీదే తిరుగుతోంది. గడ్డాలు తెల్లబడ్డాయి కానీ నల్ల చొక్కాలు, నల్ల టోపీలు మారలేదు. పాటలూ మారలేదు. వాటిలో ఒకటి పద్నాలుగు నిమిషాలు సాగుతుంది, రాయిస్‌కు హుషారు వస్తే ఇరవై.

మేకన్ పట్టణం శివార్లలోని మోటెల్లో ముగ్గురూ గుడ్లు, గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ తింటుండగా ఫోన్ మోగింది. జాతర కమిటీ పెద్ద హాలిస్ బ్రాగ్.

"వెండెల్, చెడ్డ కబురయ్యా. కమిటీవాళ్లు నా మాట వినట్లేదు. పోయినేడు సగం బెంచీలు ఖాళీ."

"వాన పడింది కదా హాలిస్."

"సగం బెంచీల మీద రేకులున్నాయి. ఖాళీగా ఉన్నవి అవే. ఈ రాత్రి నిండకపోతే వచ్చే ఏడు నుంచి ఆఖరి రోజు అట్లాంటా కుర్రాడెవరికో ఇస్తారట. ఒక్కడే వస్తాడు, కంప్యూటర్ తెచ్చుకుంటాడు. నడుం నొప్పులూ అవీ ఉండవు."

వెండెల్ ఫోన్ పెట్టేశాడు. దేశంలో ఎన్ని వేదికలు పోయినా ఆయన పట్టించుకోలేదు. టాలో క్రీక్ జాతర ఆఖరి రోజు మాత్రం వేరు. మొదటిసారి పాడింది అక్కడే. ఎర్లీన్ మొదటిసారి చప్పట్లు కొట్టిందీ అక్కడే. ఆ తర్వాత ఆవిడ చప్పట్లు కొట్టిన దాఖలా లేదు, అది వేరే సంగతి.

"బెంచీలు నింపుదాం లేరా. ముందు బండెక్కు," అన్నాడు జూబల్.

ఎక్కారు. పది మైళ్లు పోయాక బస్సు పొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్ లోపలికి తొంగిచూసి, "సోమవారం," అన్నాడు. డ్రమ్స్, స్పీకర్లు ఇంకో వ్యానులో వెనక వస్తున్నాయి కాబట్టి వాటికి బెంగ లేదు. చిక్కంతా ఆర్గన్‌తోనే. అది పాతకాలపు చెక్క ఆర్గన్, దున్నపోతంత బరువు. మామూలు కారులో పట్టదు. అది లేకుండా వెండెల్ పాడడు.

రాయిస్‌కు రాత్రి నుంచి పన్ను నొప్పి. దవడ బూరెలా ఉబ్బితే చేతిరుమాలు కట్టుకుని కూర్చున్నాడు. నోరు తెరవకుండానే వేలితో రోడ్డు అవతలికి చూపించాడు. అక్కడ అతని భార్య తరఫు బంధువు క్లియాన్ అంత్యక్రియల దుకాణం ఉంది. ముందు నల్లగా, పొడవుగా, తళతళలాడుతూ శవవాహనం ఒకటి నిలబడి ఉంది.

"ఇవాళ ఎవరూ పోలేదు," అన్నాడు క్లియాన్ ఉదారంగా. "సాయంత్రం పోయినా రేపటిదాకా ఆగుతారు. తీసుకెళ్లండి."

నలుగురూ కలిసి ఆర్గన్‌ను వెనక్కి ఎక్కించారు. చెక్క గీసుకుపోకుండా క్లియాన్ దానిమీద నల్ల మఖ్మల్ గుడ్డ కప్పాడు. శవపేటిక సులువుగా జారడానికి ఆ బండి నేలమీద రోలర్లు ఉంటాయి. బండి కదిలినప్పుడల్లా ఆర్గన్ తలుపు దాకా పోయి, బ్రేకు వేస్తే డ్రైవర్ వీపు దాకా వస్తోంది.

"ఎవడో ఒకడు లోపల పడుకుని కాళ్లతో అదిమి పట్టాలి," అన్నాడు జూబల్.

"నా ఆర్గన్, నా కాళ్లు," అని వెండెల్ లోపలికి పాకాడు. నిజానికి రెండు రోజులుగా నడుం పట్టేసింది. వెల్లకిలా పడుకోగానే ప్రాణం లేచివచ్చినట్టయింది. రెండు మైళ్లు దాటేసరికి గురక పెట్టాడు. ఆయన ఫోన్ బస్సులోనే ఉండిపోయింది.

రాయిస్ నడుపుతున్నాడు, దవడకు రుమాలు, ముఖంలో భరించలేని బాధ. పక్కన జూబల్. శరదృతువులో గాలిలో పుప్పొడి లేస్తే జూబల్‌కు కళ్లూ ముక్కూ కారతాయి. వాన తుంపర పడుతోందని దీపాలు వేసుకున్నారు.

ఆ ప్రాంతంలో శవవాహనం ఎదురైతే ఎంత తొందరలో ఉన్నా బండి పక్కకు తీసి ఆపాలి. టోపీ తీయాలి. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు, అడగకుండా తెలుసుకోవాలి. తెలిశాక వంట మొదలుపెట్టాలి.

కార్లు వరుసగా పక్కకు తప్పుకుంటున్నాయి. "బానే ఉందిరా! జీవితాంతం దీంట్లోనే తిరగాల్సింది," అన్నాడు జూబల్ ముక్కు చీదుతూ.

టాలో క్రీక్ పొలిమేరలో పోలీసు డెప్యూటీ కోల్బీ కారు ఆగి ఉంది. కుర్రవాడే అయినా పెద్దలంటే గౌరవం. నల్లబట్టల్లో రాయిస్, జూబల్. వెనక తెరలు వేసిన శవవాహనం. మ్యూల్స్ ముగ్గురు, కనిపిస్తున్నది ఇద్దరు. కోల్బీ లెక్క వేసుకున్నాడు. టోపీ తీసి దగ్గరికి వచ్చాడు.

"సార్... వెండెల్ గారు..."

"వెనక పడుకున్నాడు బాబూ," అన్నాడు జూబల్ కళ్లు తుడుచుకుంటూ.

"బాగా బాధపడ్డారా సార్?"

"రెండు రోజుల్నుంచీ నరకమే అనుకో. ఇప్పుడు హాయిగా ఉన్నాడు. ముఖం చూస్తే ఎంత ప్రశాంతంగా ఉందో!"

కోల్బీ టోపీ గుండెకు ఆనించుకున్నాడు. రాయిస్ వైపు చూశాడు. రాయిస్ దవడ పట్టుకుని మూలిగాడు.

"మీరిద్దరూ ఏం దిగులు పడకండి సార్. ముందు నేనుంటాను. మిగతాదంతా ఊరు చూసుకుంటుంది."

నీలం దీపం తిప్పుకుంటూ పోలీసు కారు ఊరు చుట్టూ తిరిగే దారిన నత్తనడకన ముందు కదిలింది. జూబల్ ఉప్పొంగిపోయాడు. "చూశావా రాయిస్! యాభై ఏళ్లకు మనకి పోలీసు బందోబస్తు! హాలిస్‌గాడు ఊరికే బెదిరించాడు!"

"ఊఁ," అన్నాడు రాయిస్.

కోల్బీ దారిలో ఒక్క ఫోనే చేశాడు. అది బాప్టిస్టు చర్చి ఓదార్పు కమిటీ అధ్యక్షురాలు నాడీన్ క్రంప్‌కు. ఇంకెవరికీ చేయక్కర్లేదు.

నాడీన్‌కు ఎనభై ఒకటి. చావు కబురు వినగానే ఆవిడ ఏడవదు, ఓవెన్ వెలిగిస్తుంది. ఎవరింట్లో చావు జరిగినా కమిటీ తరఫున ఒక హామ్, అంటే నిండైన కాల్చిన పంది తొడ, ఆ ఇంటికి వెళ్లాల్సిందే. పేదా గొప్పా తేడా లేదు. మనిషికి ఒక్క హామ్, అది ఆవిడ రాజ్యాంగం. ఆ ఆదివారం విందు కోసం కాల్చిన హామ్ అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని చంకనెత్తుకుని అరగంటలో ఎర్లీన్ గుమ్మం ముందు నిలబడింది. వెనక ఇంకో ఐదుగురు ఆడవాళ్లు. చేతుల్లో గాజు పళ్లేల నిండా చికెన్ కాసరోల్, మిరియాల గుడ్లు, అరటిపండు పుడింగ్. ప్రతి పళ్లెం అడుగునా సొంతదారు పేరు రాసిన టేపు ముక్క.

"ఎర్లీన్, అమ్మాయ్... మాకు తెలిసిపోయింది," అంది నాడీన్.

వెండెల్ మూడు నెలల తర్వాత ఇంటికి వస్తున్నాడని ఊరికి తెలియడంలో వింతేమీ కనిపించలేదు ఎర్లీన్‌కు. హామ్ తేవడం కొంచెం వింతే.

"రండక్కా. ఎందుకింత శ్రమ? నాకు అలవాటైపోయిందిలెండి."

"అలవాటా?" అంది నాడీన్.

"మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు దుప్పట్లు మారుస్తాను, అంతే. రెండు రోజులు ఓర్చుకుంటే మళ్లీ ఇల్లు నాది."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాధకు మతి చలించిందని ఒకావిడ గుసగుసలాడింది.

"తల్లీ, గట్టిదానివి," అని నాడీన్ ఆమెను కావలించుకుంది. "పద, చర్చి దగ్గరికి. వెండెల్‌ను అక్కడికే తెస్తున్నారు."

"తెస్తున్నారా? ఆయన నడవలేడా?"

నాడీన్ హామ్‌నూ పళ్లేలనూ మిగతా ఆడవాళ్లతో ముందే చర్చికి పంపి, కారు తాళాలు తీసింది. మళ్లీ నడుం పట్టేసి ఉంటుందనుకుంటూ ఎర్లీన్ నొప్పి మందు సీసా చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది.

చర్చి ముందుకు శవవాహనం చేరేసరికి దాని వెనక నలభై బండ్లు. ముంగిట్లో ఊరు ఊరంతా మంచి బట్టల్లో నిలబడి ఉంది. గాయకబృందం వరుస కట్టింది. చెట్ల కింద బల్లల మీద భోజనాలు.

"భోజనాలు కూడానా!" అన్నాడు జూబల్.

అంతలో హాలిస్ బ్రాగ్ మెట్లెక్కాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్నే మాట్లాడానయ్యా వాడితో! బెంచీలు ఖాళీ అన్నాను. గుండె పగిలి ఉంటుంది. వాడి చావుకు నేనే కారణం!"

జూబల్ తల గిర్రున తిరిగింది. టోపీలు గుండెల మీద పెట్టుకున్న జనాన్ని చూశాడు. తానెక్కి వచ్చిన బండిని చూశాడు. రాయిస్ చెవిలో, "ఒరేయ్, వీళ్లు వాడు పోయాడనుకుంటున్నారురా. చెప్పేద్దామా?" అన్నాడు.

రాయిస్ ఆ రోజు మొదటిసారి మాట్లాడటానికి నోరు తెరిచాడు. "ఆగు. హాలిస్‌ను పూర్తి చెయ్యనీ."

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. టాలో క్రీక్‌లో ఆ మధ్యాహ్నం వెండెల్ కళ్లు చాటలయ్యాయి. పద్నాలుగు నిమిషాల పాట పన్నెండో నిమిషంలోనే తనకు దేవుడు కనిపించాడని హాలిస్ అన్నాడు. కిందటేడు ఆ నిమిషానికి హాలిస్ చెరకుపానకం దుకాణం దగ్గర ఉన్నాడని జూబల్‌కు బాగా గుర్తు.

బండి లోపల వెండెల్‌కు అప్పుడే మెలకువ వచ్చింది. బయట ఎవరో తనను పొగుడుతున్నారు. ముందు కల అనుకున్నాడు. హాలిస్ గొంతు గుర్తుపట్టాక కచ్చితంగా కలే అనుకున్నాడు. తెర అంచు జరిపి చూశాడు, సంగతి అర్థమైంది. లేవబోయాడు.

"ఈ చర్చి సాక్షిగా చెబుతున్నాను!" అని హాలిస్ చెయ్యెత్తాడు. "జాతర ఆఖరి రాత్రి మ్యూల్స్‌దే! వాళ్లలో ఒక్కడు నిలబడగలిగినంత కాలం ఇంకెవరికీ ఇవ్వం. కమిటీ తరఫున ఇది నా మాట!"

"ఆమెన్!" అంది ఊరు.

వెండెల్ మళ్లీ మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. ఇంకేమైనా ఇస్తారేమో చూద్దామనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నాడీన్ కారు వచ్చి ఆగింది. ఎర్లీన్ దిగింది. శవవాహనం కనిపించింది. దాని పక్కన కళ్లు తుడుచుకుంటున్న జూబల్ కనిపించాడు. హామ్, కాసరోల్, కౌగిలింతలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. చేతిసంచి జారి, నొప్పి మందు సీసా బయటపడి నేలమీద పగిలింది.

దుప్పట్లు మార్చడమే అలవాటైందని చెప్పిన మనిషి పగిలిన గాజు మీది నుంచే నడిచింది. జనం దారి ఇచ్చారు. ఆమె వెళ్లి ఆ నల్ల తలుపు మీద అరచెయ్యి ఆనించింది. జూబల్ ఏదో చెప్పబోయాడు కానీ గాయకబృందం పాట ఎత్తుకుంది, అతని మాట వినపడలేదు.

పాట మంచిదే. కానీ ఓదార్పు కమిటీ గాయకులు దేన్నైనా పాకుడురాళ్ల మీద నడిచినట్టు పాడతారు. రెండో చరణానికి వచ్చేసరికి నడక ఇంకా కుంటుపడింది. వెండెల్ టటిల్ జీవితంలో చాలా భరించాడు గానీ తాళం జారితే భరించలేడు. ఆయన ఎడమ బూటు దానంతటదే కదిలింది. ఆర్గన్ చెక్క మీద టక్, టక్, టక్.

ఎర్లీన్ అరచేతికి ఆ అదురు తగిలింది. యాభై ఏళ్లుగా కాఫీ బల్ల కింద విన్న చప్పుడు అది. మానమని యాభై ఏళ్లుగా చెబుతున్న చప్పుడు.

కళ్లు తుడుచుకుంది. ఊపిరి పీల్చుకుంది. తలుపు తెరిచింది.

"ఏమయ్యా, లే. హామ్ చల్లారిపోతోంది."

వెండెల్ లేచి కూర్చున్నాడు. గాయకుల్లో ఇద్దరు బెంచీ కిందికి దూరారు. కోల్బీ టోపీ పెట్టుకోవాలో తీయాలో తెలియక చేత్తో పట్టుకు నిలబడ్డాడు. హాలిస్ మెట్ల మీదే కూలబడ్డాడు.

"హాలిస్, ఆఖరి రాత్రి సంగతి ఊరంతా విన్నది కదూ?" అన్నాడు వెండెల్.

"నువ్వు పోయావనుకుని అన్నానయ్యా!"

"పోయినవాడికిచ్చిన మాట తప్పితే ఇంకా పాపం. ఏమంటారు మిస్ నాడీన్?"

నాడీన్ బల్ల మీది హామ్ వైపు చూస్తోంది. వెండెల్ దాని దగ్గరికి వెళ్లి పెద్ద ముక్క కోసుకున్నాడు, ఎర్లీన్‌కు సగమిచ్చాడు. ఆవిడ తీసుకుంది, రెండో చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకునే ఉంది.

మంచి బట్టలు వేసుకుని, ఇంత వండుకుని ఊరికే ఇంటికి పోవడం ఎవరికీ నచ్చలేదు. పళ్లేలతో సహా జనమంతా జాతరకు కదిలారు. ఏడింటికి బెంచీలు నిండాయి, రేకుల కిందవీ, వాన కిందవీ. పన్ను నొప్పి మరిచిపోయి రాయిస్ ఆ పాటను ఇరవై నిమిషాలు లాగాడు. పన్నెండో నిమిషంలో వెండెల్ వేదిక మీది నుంచే అడిగాడు, "హాలిస్, కనిపించాడా?" మొదటి వరుసలోంచి హాలిస్ తలూపాడు. కదలడానికి వీల్లేకుండా అటు కోల్బీ, ఇటు నాడీన్ కూర్చున్నారు. పాట అయ్యాక ఎర్లీన్ చప్పట్లు కొట్టింది. వెండెల్ చూడలేదనుకుంది. చూశాడు.

దిగి వచ్చిన వెండెల్‌ను నాడీన్ పక్కకు పిలిచింది.

"బాగా పాడావు. బతికున్నందుకు సంతోషం. ఒక్క మాట గుర్తుపెట్టుకో నాయనా. కమిటీ మనిషికి ఒక్క హామే ఇస్తుంది. నీది నువ్వు తినేశావు."

వెండెల్ టటిల్ ఇప్పటికీ ఊరూరా తిరిగి పాడుతూనే ఉన్నాడు. కాకపోతే రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకుంటున్నాడు.