అస్లాక్ కొండ మీద ఇస్సాత్ రెయిన్‌డీర్

ఆ ఉదయం ఇస్సాత్‌కు ఉన్నవి రెండే పనులు. మంచు మీద జారే స్కీలకు తారు పూయడం, భార్య రిస్తెన్ వేసిన బొమ్మను గోడకు తగిలించడానికి మధ్యాహ్నానికల్లా చర్చి హాలుకు చేర్చడం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఆమె మూడు శీతాకాలాలు కూర్చుని వేసిన బొమ్మ అది. పక్కింటి అస్లాక్ తన మందను మేపుకునే కొండ, దాని నిండా మంచు, పైన ఆకాశంలో ఆకుపచ్చగా ఊగే ఉత్తరపు వెలుగులు.

"నేను పులుసు వండడానికి హాలుకి పోతున్నా. దానికి చిన్న మరక అంటిందంటే నీకూ నాకూ చెల్లు," అని చెప్పి మరీ వెళ్లింది రిస్తెన్.

రెండు పనులూ ఒకే బల్ల మీద పెట్టుకోవడమే ఇస్సాత్ తెలివి. తారు చుక్క సరిగ్గా మంచు మధ్యలో పడింది. తుడిస్తే అరచేయంత అయింది. ఇంకాస్త తుడిస్తే దానికి పొట్టలాంటిది వచ్చింది. దాంతో ఇస్సాత్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ తారుతోనే నాలుగు కాళ్లూ కొమ్ములూ పెట్టేసరికి రెయిన్‌డీర్ తయారైంది. యజమాని ఎవరో చెప్పే కోత చెవికి లేని రెయిన్‌డీర్ అంటే ఆ ఊళ్లో దిక్కులేనిదని లెక్క. నలభై ఏళ్లుగా తన మందకు కోతలు పెట్టిన అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తానే ఆ చెవికి తమ ఇంటి కోత పెట్టేసింది.

హాల్లో అందరూ వెలుగుల్ని చూసి మురిసిపోతుంటే, అస్లాక్ మాత్రం బొమ్మకు ముక్కు ఆనించి ఆ చెవినే చూశాడు.

"ఏరా ఇస్సాత్, నా కొండ మీద నీ రెయిన్‌డీర్‌కేం పని?"

"బొమ్మలోదేరా అది."

"మీ ఆవిడ ఉన్నది ఉన్నట్టే వేస్తుంది. మా ఇల్లు వేసినప్పుడు పొగగొట్టంలో పగులు కూడా వదల్లేదు. మేత నాచు తరిగిపోతోందిరా అని రెండేళ్లుగా మొత్తుకుంటుంటే, కుందేళ్లు తిన్నాయన్నావు నువ్వు."

పులుసు గిన్నెలతో జనం చుట్టూ మూగారు. వచ్చే శీతాకాలం ఇస్సాత్ తన మేతలో సగం అస్లాక్‌కు వదలాల్సిందేనని పెద్దలు అప్పుడే తేల్చేస్తున్నారు. ఇస్సాత్‌కు నిజం చెబితే ఇంట్లో బతుకు లేదు, చెప్పకపోతే మందకు మేత లేదు. చివరికి మందవైపే మొగ్గాడు పాపం.

"అది నేను గీసిందే. తారు ఒలికితే మరక కప్పడానికి గీశాను. నావి ఒక్కటి కూడా ఆ కొండెక్కలేదు. కావాలంటే రిస్తెన్‌నే అడగండి, మూడేళ్లు అక్కడే కూర్చుంది."

రిస్తెన్ గరిటె పక్కన పెట్టి వచ్చింది. మూడేళ్ల కష్టం మీద ఆ తారు చూసి తిట్టడానికి నోరు తెరిచింది గానీ, ఆ జంతువు వంకర కాళ్లు చూశాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎక్కాయి," అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఒకటి కాదు, పదకొండు. నీ పరువు పోతుందని నేనే గీయకుండా వదిలేశాను."

మిగిలిన పదీ వేసేదాకా బొమ్మను గోడకు తగిలించడానికి వీల్లేదని అస్లాక్ పట్టుబట్టాడు.