దూది బేలులో కాపురం

ఇల్లు మారేవాళ్ళకు చుట్టాల సాయాన్ని మించిన వరం ఇంకొకటి లేదు! కాదన్నవాడు జన్మలో ఇల్లు మారి ఉండడు. లేదా చుట్టాలు లేని అభాగ్యుడై ఉంటాడు.

చుట్టాలు లేనివాడు ఏం చేస్తాడు? సామాను మూట కడతాడు, బండికెత్తుతాడు, పోతాడు. అంతే! పోవాలనుకున్న రోజునే పోవడం, తనదైన సామానంతా తనతో చేరడం... ఇదీ ఒక బ్రతుకేనా? చుట్టాలున్నవాడికి ఆ బెంగ లేదు. పోయే రోజు వాళ్ళే చూస్తారు, పట్టుకుపోయే సామాను వాళ్ళే తగ్గిస్తారు. అంతా ఫ్రీ సర్వీసు!

నమ్మకం లేకపోతే ఆదోని కన్యకమ్మ సంగతి వినండి.

ఆమెది దూది వ్యాపారుల ఉమ్మడి ఇల్లు. బావగారు విశ్వేశ్వరయ్య వ్యాపారం చూసుకుంటాడు. అత్త అలివేలమ్మ కన్యకమ్మను చూసుకుంటుంది. తోడికోడలు రాజేశ్వరి తన నడుము నొప్పిని చూసుకుంటుంది. ఇక మిగిలిన చిల్లర పనులు, అంటే వంట, వడ్డన, అంట్లు, నీళ్ళు, తిరగలి, ఇవి కన్యకమ్మవి. ఎంత చక్కటి పంపకమో చూశారా!

ఇంతలో ఆమె మొగుడు రామసుబ్బయ్యకు బుద్ధి గడ్డి తిన్నది. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ళకు నూలు అమ్మే అంగడి పెట్టాడు. యుద్ధమొచ్చి నూలు కంటికి కనబడని రోజుల్లో నూలు అంగడి! ఉగాది నుంచి హోటలు కూడు తిని సగమైపోయాడు. కాపురం అక్కడికి మార్చక తప్పలేదు. కన్యకమ్మ లోపల్లోపల గంతులేసింది. తన పొయ్యి తాను వెలిగించుకోవాలి, పని అయిపోయాక ఆర్పుకోవాలి. ఆమె ఆశ ఇంతే. అత్తగారింట్లో పొయ్యి ఆరడం ఆమె ఎరుగదు.

అలివేలమ్మే ముహూర్తం చూసింది. బుధవారం అనుకుంటే పిల్లి అడ్డం వచ్చింది. ఆ పై వారం ఎవరో తుమ్మారు. ఇంకో వారం రాజేశ్వరికి నడుము పట్టేసింది. ఇక మిగిలింది ఒక్క గురువారం. మర్నాడు శుక్రవారం, ఇంటి లక్ష్మి గడప దాటకూడదు. ఆ మర్నాడు అమావాస్య. ఆ తర్వాత ఆషాఢం, కొత్త ఇంట పాలు పొంగించకూడదు. శ్రావణంలో నోములు, భాద్రపదంలో పితృపక్షాలు. ఈ గురువారం దాటితే కన్యకమ్మ ఎమ్మిగనూరు దసరా తర్వాతి మాటే!

కాబట్టి బంధువర్గమంతా హెల్పుకు దిగింది. ముందు రోజు పొద్దున్నుంచీ వసారా నిండా జనం. వచ్చినవాళ్ళందరికీ బొరుగులు నానేసి ఉగ్గాణి చేసి పెట్టింది ఎవరు? ఆ ప్రశ్న అడిగేవాళ్ళకు లోకజ్ఞానం తక్కువ.

కన్యకమ్మ కట్టిన మూటను అలివేలమ్మ విప్పింది. "ఈ గంగాళం మా అత్త కాలం నాటిదే. ఇద్దరికి వండుకునేదానికి నీకు గంగాళం యాలమ్మా?" అని పక్కన పెట్టింది. రాజేశ్వరి రొట్టె పెనం తీసుకుంది. "నీ చేతికింద నలిగిన పెనం, నన్ను అక్క అనుకోని ఈడ ఇడిసిపెట్టు. కొత్తదైతే రొట్టె అంటుకుంటాది" అన్నది. రొట్టె తట్టేది తానైనట్టు! మేనత్త రోకలి మీద, పినత్త జల్లెడ మీద ప్రేమ చూపించారు. బండి ఎద్దులకు బరువు తగ్గించడం కూడా పుణ్యమే కదా!

మిగిలిన సామాను ప్యాకింగు విశ్వేశ్వరయ్య చేతిలోకి పోయింది. ఆ వంశంలో ప్యాకింగు అంటే ఒక్కటే విద్య. దూది పరచడం, తొక్కడం, గోనెపట్టా చుట్టి దబ్బనంతో కుట్టడం. కన్యకమ్మ ఇత్తడి చెంబులు, పళ్ళేలు, ఆమె అమ్మ ఇచ్చిన పాలగిన్నె, చీరలు, అన్నీ దూది మధ్య పెట్టించి తొక్కించాడు. హమాలీలు కుట్టారు. కుట్టిన బేలు మీద ముద్ర వెయ్యకుండా వదిలేస్తే చేతులు ఊరుకుంటాయా? అలవాటు కొద్దీ కొట్టు గుర్తు నల్లరంగుతో పడింది.

"సూడమ్మా! బొంబాయి దాకా పోయినా ఒక్క గీత పడదు" అన్నాడు బావగారు గర్వంగా.

తెల్లవారేసరికి బేలు లేదు. కొట్టు గుర్తు చూసి, బొంబాయికి పోయే సరుకు బేళ్ళతో పాటు హమాలీలు దాన్నీ రైలు స్టేషనుకు తోలారు. గూడ్సు కదిలిపోయింది. కన్యకమ్మ కాపురం రాయచూరు దాటి బొంబాయి దారి పట్టింది! గీత పడకుండానే పోయి ఉంటుంది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

కన్యకమ్మ వసారాలో కూలబడింది. పాలగిన్నె గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఏడ్చింది. ఇంత సాయం చేసిన మనుషుల ఎదుట ఏడవడం మర్యాద కాదని కూడా ఆమెకు తోచలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఓదార్చారు. వాళ్ళ ముఖాల్లో దుఃఖం కన్నా కళే ఎక్కువగా ఉన్నదని ఎవరైనా అంటే, అది గిట్టనివాళ్ళ మాట.

"టెలిగ్రాం కొడతాను. వాపసు వస్తాది, ఎంత, ఒక నెల" అన్నాడు విశ్వేశ్వరయ్య.

"దేవుడే ఆపినాడు. సామాన్లు లేకుండా ఒట్టి చేతుల్తో కొత్తింటికి పోతే అరిష్టం. దసరా దాటినాక పోదువులే కన్నికా, లెయ్" అన్నది అలివేలమ్మ.

లేవమన్నది ఎక్కడికి? వంటింటి వైపు చెయ్యి చూపించింది. పొద్దు బారెడెక్కింది, సాయం చేసి చేసి అందరికీ ఆకలి దంచుతున్నది.

కన్యకమ్మ లేచింది. కళ్ళు తుడుచుకున్నది. వంటింటి వైపు చూసింది, దసరా వైపు చూసింది. ఆ రెండింటిలో ఏది దూరమో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒంటి మీద చీరతో, కాలి మెట్టెలతో తిన్నగా వీధిలోకి నడిచింది. అక్కడ ప్రయాణానికి మాట్లాడిన బాడుగ బండి హుసేనప్ప ఎద్దుల్ని కట్టుకొని పొద్దున్నుంచీ కాచుకొని ఉన్నాడు.

"సామానేదమ్మా?" అన్నాడతను.

"సామాను బొంబాయికి పోయింది, హుసేనప్పా. నేను ఎమ్మిగనూరికి పోతాను. తోలు."

బండి ఎక్కి కూర్చున్నది. అలివేలమ్మ పరుగున గడప దాటి వచ్చింది. ఇన్నేళ్ళు ఇంట్లో తిరిగిన కోడలు! కుంకుమ పెడుతుందేమో, దీవిస్తుందేమో అని హుసేనప్ప పగ్గాలు బిగబట్టాడు.

"ఓసేయ్! మరి ఈ పూట రొట్టెలు ఎవురు తట్టాల?"

కన్యకమ్మ వసారా వైపు చూసింది. మేనత్త, పినత్త, తోడికోడలు, వాళ్ళ వెనక ఇంకా ఎవరెవరో, అందరూ నడుములకు కొంగులు బిగించుకొని సిద్ధంగా నిలబడి ఉన్నారు.

"ఇంతమంది ఉండారు గదత్తా! నాకు సాయం చేసేకి వచ్చినోళ్ళు, నీకు చెయ్యరా?"

బండి కదిలింది. మేనత్తకు ఇంట్లో ఆరబోసిన మిరపకాయలు గుర్తొచ్చాయి. పినత్తకు ఒంట్లో నలతగా అనిపించింది. అలివేలమ్మ వెనక్కి తిరిగేసరికి వసారాలో రాజేశ్వరి ఒక్కతే ఉన్నది, నడుం పట్టుకొని.