మన ఫీడర్ మీది గెలాక్సీ

వనపర్తి పురజనులకు తెలియజేయునది ఏమనగా, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ ప్రస్తుతం మన గల్లీ మేడ మీద నుంచి పరిశీలనలో ఉన్నది. దాని నడుమనున్న కృష్ణబిలం దేన్నయినా మింగినప్పుడల్లా అది ఉన్నట్టుండి భగ్గుమంటుంది. ఆ భగ్గును అందరికంటే ముందు తానే పట్టుకోవాలని డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ కురుమయ్య సారు దూరదర్శినికి కెమెరా తగిలించి కూర్చున్నారు. చూపుకు అడ్డమని గల్లీలోని ఒకే ఒక్క వీధిదీపాన్ని తీయించారు. హాస్టల్లో వంట చేసి పొద్దుగూకాక ఇల్లు చేరే శంకరమ్మ ఆ వారమే మోరీ కాలువలో పడి కాలు బెణికించుకుంది. విజ్ఞానానికి ఆ మాత్రం త్యాగం తప్పదని ఆమె తరఫున సారే ఒప్పుకున్నారు.

ఇంతటి మనిషి తన వార్డులో ఉంటే కౌన్సిలర్ ఎల్లన్న ఊరుకుంటాడా? సారు బొమ్మతో మేడకు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించి, దానికి ఫోకస్ లైట్లు పెట్టించాడు. ఆ సాయంత్రమే గెలాక్సీ భగ్గుమంది. సారు ప్రకటన చేశారు. శాలువా కప్పుతూ ఎల్లన్న, సదరు గెలాక్సీ అభివృద్ధికి వార్డు తరఫున కృషి చేస్తానని హామీ ఇచ్చి, ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. గెలాక్సీ ఇంకా భగ్గుమంది. తన పేరు పెరిగేకొద్దీ విశ్వమే వెలుగుతోందేమోనని సారు అనుకున్నారు, అదీ చాలా వినయంగానే.

ఓ సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కదా అని సారు తెర చూస్తే గెలాక్సీ భగ్గు కూడా పోయింది. అది కూడా మన గల్లీ కరెంటు ఫీడర్ మీదే ఉందా ఏమిటని అంత చదివిన మనిషి కాసేపు నిజంగానే ఆలోచించారు. ఇంతలో కరెంటు వచ్చింది. ఎదురుగా ఫ్లెక్సీ లైట్లలో తన మొహం, తెర మీద గెలాక్సీ ఒక్కసారే భగ్గుమన్నాయి. ఇన్నాళ్లూ అంత దూరం తొంగిచూసి తాను కనిపెట్టింది తన మొహాన్నేనని తెలిసి సారుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తెల్లవారి సారు ఫ్లెక్సీ తాళ్లు కోయబోతుంటే శంకరమ్మ కుంటుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

"దండం పెడ్త సారూ, తియ్యకుండ్రి. గా బొమ్మ లైట్లకే తొవ్వ కనబడ్తుంది. మళ్ల మోరిల వడమంటరా?"

సారు ఎల్లన్న దగ్గరికి పరుగెత్తి, జరిగిన పొరపాటంతా ఒప్పుకుని, వీధిదీపం తిరిగి వేయించమని బతిమాలారు. ఎల్లన్న శాంతంగా విన్నాడు.

"లైటుకు మీటింగు గావాలె, తీర్మానం గావాలె. ఫ్లెక్సీకైతే మీ మొహం సాలు సారూ."

ఫ్లెక్సీ ఉండిపోయింది. గల్లీ వెలుగుతోంది, గెలాక్సీ కనబడదు. ఇప్పుడు మేడ కింద రోజూ జనమే. పక్క గల్లీ మణెమ్మ అందరికంటే ముందుంది.

"మా దిక్కు గూడ చీకటే సారూ. జర మాకొక గెలాక్సీ కనిపెట్టుండ్రి."

చీకటి గల్లీల చదువరులు ఎవరైనా ఉంటే, మణెమ్మ వెనుక వరుసలో నిలబడగలరు.