ఏడా, మూడొందలా?

శనివారం పొద్దున అక్షర పెట్టుకున్న పని ఒక్కటే. పక్కింటి గ్రేమ్ దగ్గర తెచ్చిన నిచ్చెన ఆయనకి తిరిగి ఇచ్చేయాలి. పది నిమిషాల పని. తర్వాత ఇంటికొచ్చి, కాకినాడ నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన వాళ్ళమ్మ సుభద్ర వేసిన పెసరట్టు తిని, మధ్యాహ్నం దాకా దుప్పటి ముసుగేసి పడుకోవాలి. భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో మార్చి నెల చివరికొచ్చేసరికి చలి మొదలై, దుప్పటి విలువ అందరికీ తెలిసొస్తుంది.

నాలుగేళ్ళ కింద చదువుకోడానికి ఈ ఊరొచ్చిన కొత్తలో, ఒక చలికాలం పొద్దున కారు అద్దం మీద మంచు గడ్డకట్టిందని అక్షర కెటిల్లో నీళ్ళు మరగబెట్టి పోసింది. అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. చప్పుడు విని బయటికొచ్చిన గ్రేమ్ అద్దాన్ని చూశాడు, కెటిల్‌ని చూశాడు, "ఊఁ" అన్నాడు. మర్నాటి నుంచి ఆ చలికాలమంతా ఆమె లేచేసరికి కారు మీద మంచు గీకేసి ఉండేది. థాంక్స్ చెప్పబోతే ఆయన వాన సంగతి ఎత్తేవాడు. నాలుగేళ్ళుగా ఆ థాంక్స్ అక్షర నోట్లోనే ఉండిపోయింది.

నిచ్చెన మోసుకెళ్ళేసరికి గ్రేమ్ గరాజ్‌లో ఉన్నాడు. బల్ల మీద రెండు తూటాలు కవల పిల్లల్లా నిలబడి ఉన్నాయి.

"ఇవేంటి?" అంది అక్షర.

ఆ ఒక్క ప్రశ్నకి గ్రేమ్ నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆయన ఒక్కసారిగా నాలుగు మాటల కన్నా ఎక్కువ మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఒకటి సెవెన్ ఎంఎం మాగ్నమ్, ఇంకోటి త్రీ హండ్రెడ్ మాగ్నమ్. పొడవులో మూడు మిల్లీమీటర్లు, గుండు లావులో అర మిల్లీమీటరు పైచిలుకు తేడా. ఏడు సాఫీగా పోతుంది, భుజాన్ని తక్కువ తంతుంది. మూడొందలు గట్టిగా కొడుతుంది, భుజాన్నీ గట్టిగానే కొడుతుంది. ఏది మేలని అడిగితే వేటగాళ్ళ మధ్య స్నేహాలే చెడతాయట.

ఏప్రిల్లో మగ దుప్పులు అరిచే రోజుల్లో గ్రేమ్, ఆయన ముగ్గురు స్నేహితులు ఏటా కొండల్లోకి వెళ్తారు. పోయినేడు భార్య నోలీన్ చనిపోయింది. ఆయన వెళ్ళలేదు.

"మరి ఈసారి?" అంది అక్షర.

"చూడాలి," అన్నాడు తూటాల వంక చూస్తూ. తర్వాత ఆమె భుజం మీద నిచ్చెన వంక చూసి, "కప్పు గట్టర్లలో ఆకులు తీశావా?"

"ఇంకా లేదండీ."

"అయితే ఉంచు."

అక్షర నిచ్చెన మోసుకుని వెనక్కి వచ్చింది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కంటికి తప్పు కనబడితే ఎవరూ అడక్కపోయినా అది సరిచేయించడానికి టికెట్ తెరిచే మనిషి. తూటా తేలితే గాని తుపాకి తేలదు, తుపాకి లేకపోతే ఆయన వెళ్ళడు, ఈ ఏడాది కూడా ఆ గరాజ్‌లో ఒక్కడే కూర్చుంటాడు. పెసరట్టు చల్లారింది.

సాయంత్రానికి ఎక్సెల్ షీట్ తయారైంది. పన్నెండు అంశాలు, ఒక్కోదానికి ఒక్కో వెయిటేజీ. ఏడుకి ఎనభై ఒకటిన్నర వచ్చింది. మూడొందలకి ఎనభై ఒకటిన్నర వచ్చింది.

"ఇన్ని గళ్ళు గీశావు, ఒక్క గడిలోనూ సమాధానం లేదేంటే?" అంది సుభద్ర. "అయినా దుప్పుల్ని చంపడమేంటే, పాపం! అదీ శనివారం."

"ఇక్కడవి అడవినంతా మేసేస్తున్నాయమ్మా. వేటాడమనే అంటారు. మనం తూటా ఎంచడమే కదా, అది శాకాహారమే."

సుభద్రకి గ్రేమ్ అంటే అభిమానం. ఆ ఊరివైపు వాళ్ళు 'ర' అక్షరాన్ని నాలుక తిప్పి పలుకుతారు గనక, అర్థం కాకపోయినా ఆయన మాట ఆమె చెవికి సొంతవాళ్ళ మాటలా ఉండేది. "రేపు పిలు ఆయన్ని. దేవుడి దగ్గర చీటీలేద్దాం. నీ పన్నెండు గళ్ళకంటే ఆ స్వామే నయం."

ఆదివారం పొద్దున గ్రేమ్ బూట్లు గుమ్మం బయట విప్పి, తన కుక్క జెస్‌తో సహా వచ్చి, చాప మీద బుద్ధిగా కూర్చున్నాడు. అదే సమయానికి తెలుగు సంఘం అధ్యక్షుడు బాలసుబ్రహ్మణ్యం, కార్యదర్శి కృష్ణారావు ఉగాది వంటల సంగతి మాట్లాడటానికి వచ్చారు. సంఘంలో ఉన్నవి ఇరవై రెండు కుటుంబాలు. దీపావళికి జ్యోతి ముందు ఎవరు వెలిగించారన్న విషయం మీద ఆ ఇద్దరికీ ఇంకా లోలోపల రగులుతూనే ఉంది.

సుభద్ర అప్పటిదాకా బొబ్బట్లు కాల్చింది. ఆ నేతి చేతులతోనే రెండు చీటీలు మడిచి వెంకటేశ్వరస్వామి పటం ముందు పళ్ళెంలో పెట్టింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. జెస్ మూసుకోలేదు.

కళ్ళు తెరిచేసరికి పళ్ళెంలో ఒక్కటే చీటీ ఉంది. విప్పితే 'మూడొందలు'. జెస్ మూతి నాక్కుంటోంది.

"ఇంకేముంది, తేలిపోయింది! ఏడు!" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. "పెట్టింది స్వీకరించిందంటే అంగీకారం అన్నట్టేగా. నైవేద్యం."

"భలేవారండీ! తినేసింది పోయినట్టు లెక్క," అన్నాడు కృష్ణారావు. "పళ్ళెంలో మిగిలిందే ప్రసాదం. మూడొందలు."

"ఏడు కొండలు, ఏడు అడుగులు, ఏడు స్వరాలు. మూడొందలకి ఏముందయ్యా?"

"సినిమా ఏడు రోజులాడితే గొప్పా అంకుల్, మూడొందల రోజులాడితే గొప్పా?"

"కుక్క నేతి వాసనకి తినుంటుందండీ," అంది అక్షర.

ఇద్దరూ ఆమె వంక జాలిగా చూశారు. ఏం జరుగుతోందని గ్రేమ్ అడిగాడు. అక్షర ఇంగ్లీషులో చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, "రెండూ సబబుగానే ఉన్నాయి," అన్నాడు.

ఆ మాటతో కొంప మునిగింది. సాయంత్రానికి సంఘం వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టారు. పదకొండు, పదకొండు. సోమవారానికి ఆ గ్రూపు రెండయింది. జీవితంలో తుపాకి ముట్టని వాళ్ళు, బొద్దింకని చూసి మంచమెక్కే వాళ్ళు, గాలివాటం గురించి, గుండు బరువు గురించి వాయిస్ మెసేజ్‌లు పెట్టుకున్నారు. మంగళవారం నుంచి ప్రచారం. ఏడు వర్గం గ్రేమ్ ఇంటికి పులిహోర పట్టుకెళ్ళి వాళ్ళ వాదన వినిపించింది. తెలిసిన గంటలో మూడొందల వర్గం గుత్తి వంకాయతో దిగింది. బుధవారం ఏడు వాళ్ళ పిల్లలు ఇంగ్లీషులో స్లైడ్స్ చూపించారు. గ్రేమ్ అందరికీ టీ ఇచ్చాడు, అందరి మాటా విన్నాడు, అందరితోనూ "నిజమే" అన్నాడు.

"ఉగాది కూడా విడివిడిగానేనటే," అంది సుభద్ర ఫోన్ పెట్టేసి. "వాళ్ళది ఒక హాలు, వీళ్ళది ఒక హాలు. రెండిటికీ బొబ్బట్లు నన్నే చెయ్యమంటున్నారు."

అక్షరకి ఏడుపొచ్చినంత పనైంది. సంఘం చీలినందుకు కాదు, అది ఎలాగూ ఏదో ఒక రోజు చీలేదే. గ్రేమ్ స్నేహితులు వచ్చే సోమవారం వేటకి బయల్దేరుతున్నారు. మంచు గీకిన మనిషికి సాయం చేద్దామని వెళ్ళి, ఆయన ఇంటి మీదకి ఇరవై రెండు కుటుంబాల్ని తోలింది. ఈ గోలలో ఆయన అసలు వెళ్ళనే వెళ్ళడు.

గురువారం సాయంత్రం, క్షమాపణ చెప్పుకోడానికి ఉట్టి చేతులతో పోలేక, మళ్ళీ నిచ్చెన మోసుకెళ్ళింది.

గరాజ్‌లో ఇనప బీరువా తలుపు తెరిచి ఉంది. గ్రేమ్ స్లీపింగ్ బ్యాగ్ చుడుతున్నాడు. బల్ల మీద ఒక తుపాకి ఉంది. సన్నగా, పాతగా, ఎవరో ఏళ్ళ తరబడి జాగ్రత్తగా తుడిచినట్టు ఉంది.

"వెళ్తున్నారా?" అంది అక్షర. "ఏది తేల్చారు? ఏడా, మూడొందలా?"

"రెండూ కాదు. ఇది నోలీన్‌ది. అసలు మాగ్నమే కాదు. నా భుజం ఆపరేషన్ అయ్యాక డాక్టర్ పెద్దవి వద్దన్నాడు. జనవరిలోనే ఇదే అనుకున్నా."

"జనవరిలోనా! మరి ఆ రెండు తూటాలు?"

"నా స్నేహితుడివి. ఆ శనివారం తిరిగి ఇచ్చేద్దామని బల్ల మీద పెట్టా. నువ్వొచ్చి ఏంటివని అడిగావు."

"మరి చెప్పచ్చుగా! మేమంతా ఇంత గొడవ..."

గ్రేమ్ స్లీపింగ్ బ్యాగ్ తాడు మెల్లగా ముడేశాడు. "నోలీన్ పోయాక ఈ గరాజ్‌లోకి వచ్చి ఇదేంటని అడిగినవాళ్ళు లేరు. నువ్వడిగావు. మర్నాడు మీ అమ్మ దేవుడి ముందు కూర్చోబెట్టింది. నిన్న ఇక్కడ పదకొండు మంది ఉన్నారు. కుర్చీలు చాలక కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చున్నారు. తేలిపోయిందని చెప్తే ఎవరొస్తారు?" ముడి లాగి బిగించి అన్నాడు, "థాంక్స్, అక్షరా."

'ర' గట్టిగా పలికింది. సుభద్ర ఉంటే మురిసిపోయేది.

అక్షర నిచ్చెన కింద పెట్టింది. "ముందు నాది వినండి. నాలుగేళ్ళ నుంచి ఉంది. ఆ చలికాలం మీరు నా కారు మీద రోజూ..."

"రేపు వాన పడొచ్చు," అన్నాడు గ్రేమ్.

"పడనీండి. థాంక్స్."

ఆయన తల ఊపాడు. ఇద్దరూ తుపాకి వంక చూస్తూ నిలబడ్డారు. "నాకంటే తనే బాగా కాల్చేది," అన్నాడాయన. "మీవాళ్ళకి చెప్పకు. గుత్తి వంకాయ బావుంది."

శనివారం ఉగాది రెండు హాళ్ళలో జరిగింది. రెండింటికీ ముఖ్య అతిథి గ్రేమే. రెండుచోట్లా పచ్చడి తిన్నాడు, రెండుచోట్లా "మీరు చెప్పింది నిజమే" అన్నాడు, రెండుచోట్లా చప్పట్లు మోగాయి. సోమవారం పొద్దున స్నేహితులతో కొండల్లోకి వెళ్ళాడు. పది రోజులకి గడ్డంతో, ఉట్టి చేతులతో, నవ్వుతూ తిరిగొచ్చాడు. తప్పు తూటా వల్లనేనని రెండు వర్గాలూ విడివిడిగా తేల్చుకున్నాయి.

ఆ ఆదివారం గరాజ్ బల్ల మీద రెండు పడవ ఇంజన్ల కరపత్రాలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. బాలసుబ్రహ్మణ్యం కళ్ళజోడు సవరించుకుని ఒకటి అందుకున్నాడు, కృష్ణారావు రెండోది లాక్కున్నాడు. సుభద్ర బొబ్బట్ల పళ్ళెం జెస్‌కి అందనంత ఎత్తులో పెట్టింది. అక్షర కొత్త షీట్ తెరిచి, వెయిటేజీలు అడిగింది.

గ్రేమ్‌కి పడవ లేదు.