సొంత ఆవులింత, అంటుకున్న ఆవులింత

మానవుడి ఆవులింత ఇకమీదట అతడి సొంత వ్యవహారం కాదు, ప్రభుత్వ రికార్డు. ఈ సంగతి లోకానికి చాటేందుకే కుప్పంలో నాలుక కింది మాత్రల అనుమతి విభాగం వెలిసింది.

ఆ విభాగంతో తనకు పని పడుతుందని స్వర్ణలత కలలో కూడా అనుకోలేదు. ఆమె మొగుడు దేవరాజు మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు మోస్తాడు. నడుం నొప్పికని మూడేళ్ల కిందట రోజుకొక మత్తు కలిసిన నొప్పి మాత్ర మొదలుపెట్టాడు. ఇప్పుడది పన్నెండయింది. (నొప్పి మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. దానికి ఎదుగుదల లేదు.) ఒక పూట మానితే ముక్కు కారుతుంది, కాళ్లు పీకుతాయి, ఆవులింతలు ఆగవు.

పుంగనూరులో జలుబులకీ బీపీలకీ చూసే డాక్టరు అర్చన ఇదంతా విని బెదరలేదు. "దీనికి మందుండాది. నాలుక కింద పెట్టుకునే మాత్ర. రోజూ నా ఎదురుగా ఏసుకోవాల. ఆ యావ తగ్గిపోతాది, పనికి పోవచ్చు" అంది.

"మాత్ర మాన్పడానికి ఇంకో మాత్రా తల్లీ?" అంది అత్త పాపమ్మ.

"మీరు షుగరుకి రోజూ ఏసుకుంటాండారు గదమ్మా. మిమ్మల్ని ఎవురన్నా తిట్నారా?"



చిక్కల్లా ఒక్కటే. పాత మాత్రల ప్రభావం దిగి, ఆవులింతలు మొదలయ్యాకే కొత్త మాత్ర వేయాలి. ముందే వేస్తే ఒళ్లు తిరగబడుతుంది. ఇది వైద్యం. ఆ ఆవులింతలు ఐదింటిని అధికారి కళ్లారా చూసి ముద్ర వేస్తేనే డాక్టరు మాత్ర ఇవ్వాలి. ఇది పరిపాలన.

అందుకని దేవరాజు ముందురోజు సాయంత్రం నుంచీ మాత్ర ముట్టకుండా పళ్లు బిగబట్టి, తెల్లారే స్వర్ణలతను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాడు. పలమనేరు దాటేలోపు ఎనిమిదిసార్లు ఆవులించాడు. (అవి చెల్లవు. బస్సు విభాగం పరిధిలోకి రాదు.) ఆఫీసు తలుపు తెరిచేసరికి క్యూలో మొదట నిలబడ్డాడు.

ఆవులింతల నిర్ధారణాధికారి మునస్వామి పదకొండింటికి వచ్చి, రిజిస్టరు తెరిచి, నోరారా ఆవులించాడు. ఎదురుగా దేవరాజూ ఆవులించాడు.

"ఇది కొట్టేస్తాండా" అన్నాడు మునస్వామి.

"యాల సార్?" అంది స్వర్ణలత.

"నన్ను సూసి ఆవులించినాడమ్మా. ఇది అంటుకున్న ఆవులింత. రూలు ప్రకారం సొంత ఆవులింత కావాల."

"అట్లయితే మీరు ఆవులించకండి సార్."

"పదైదేండ్లుగా గవర్నమెంటు ఉద్యోగం చేస్తాండానమ్మా నేను" అన్నాడు మునస్వామి నొచ్చుకుంటూ.

కుర్చీ అటు తిప్పుకోమంది స్వర్ణలత. తిప్పుకున్నాడు. కానీ చూడని ఆవులింత రాయకూడదు. నోటికి రుమాలు కట్టుకోమంది. కట్టుకున్నాడు. ఆ పద్ధతిలో నాలుగు సొంత ఆవులింతలు రిజిస్టరుకెక్కాయి. ఐదోదానికి దేవరాజు నోరు తెరిచేలోపు వెనక క్యూ మొత్తం ఒక్కసారిగా ఆవులించింది. మూల ఆవులింత ఎవరిదో తేలేదాకా పని ఆపి, మునస్వామి భోజనానికి లేచాడు. వచ్చేలోపు ఆధార్ కార్డు రెండు వైపులా జిరాక్స్ తెచ్చిపెట్టమన్నాడు.

దేవరాజు చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. "స్వర్ణా, నా వల్ల కాదే."

"ఇంగొక్కటే గదయ్యా ఉండేది. ఓర్సుకో. డాక్టరమ్మ రాత్రి ఎనిమిది దాకా ఉంటానన్నెది. జిరాక్స్ తీసుకోని ఇట్లా వస్తా."

జిరాక్స్ దగ్గరా క్యూ ఉంది. ఆమె వచ్చేసరికి దేవరాజు లేడు.

ఆఫీసు గేటుకి ఎదురుగా మందుల అంగడి. అక్కడ చీటీ అడగరు, ఆధార్ అడగరు, ఆవులించమనరు. చిల్లర లేకపోతే ఇంకో రెండు మాత్రలు చేతిలో పెడతారు.

కొంతసేపటికి దేవరాజు రోడ్డు దాటి వచ్చాడు. ముక్కు కారడం ఆగింది. చొక్కా ఆరిపోయింది.

"ఏసుకున్నావా?"

అతడు నేలను చూశాడు. "అరవొద్దే. అందురూ సూస్తాండారు."

స్వర్ణలత చేతిలోని జిరాక్స్ కాగితాలను మడిచింది, మళ్లీ మడిచింది, ఇక మడవడానికి లేకుండా మడిచింది.

మునస్వామి వచ్చి రుమాలు కట్టుకుని, అరగంట దీక్షగా చూశాడు. ఆవులింతలు సున్నా. ముక్కు పొడి. చెమట లేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"అమ్మా, మీ ఆయన బాగైపోయినాడు!"

"సార్, ఇప్పుడే ఎదురంగట్లో మాత్రలు ఏసుకోనొచ్చినాడు సార్. అందుకే అట్లుండాడు. రేపు మళ్లా మొదులు. మీరు ఆ ఒక్క ముద్రా ఏసి పంపండి, మీకు పుణ్యముంటాది. డాక్టరమ్మ సూసుకుంటాది."

"అంగడి మా విభాగం కింద లేదమ్మా. బాగైనోనికి మందు రాస్తే రేపు ఆడిట్లో నన్నడుగుతారు."

రిజిస్టరులో దేవరాజు పేరు ఎదుట 'సంపూర్ణ స్వస్థత' అని ముద్ర పడింది. విభాగం పుట్టాక అదే మొదటి విజయం.

క్యూలో మిగిలినవాళ్లు ఈ చికిత్సను శ్రద్ధగా గమనించి, ఒక్కొక్కరే రోడ్డు దాటి అంగడికి వెళ్లొచ్చారు. సాయంత్రం ఐదు కొట్టేలోపు విభాగం వాళ్లందరినీ నయం చేసింది.